లంకెలు తెగిన నోట్సు: ఒక తెలుగు మాస్టారి షెల్లు చదువు

(పుస్తకప్రియుల నెలవారీ సమావేశంలో ఒక విశ్రాంత తెలుగు అధ్యాపకుడు చేసిన ప్రసంగం. ఆరోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని ఎక్కించాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి. అయినా వినపడనివాళ్ళు ఎలా ఎత్తుతార్లెండి, పక్కవాళ్ళు ఎత్తండి.

నేను కంప్యూటరు మనిషిని కాను. ఈ మాట ముందే చెప్పేస్తే ఒక సుఖం, తప్పులు పట్టేవాళ్ళు కాస్త ఆగుతారు. 31 ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యాను. పాఠం చెప్పినన్నాళ్ళూ నోట్సు రాసుకున్నాను. మొదట చిత్తు కాగితాల మీద, తర్వాత డైరీల్లో, 2005 నుంచి కంప్యూటర్లో. నోట్‌ప్యాడ్‌లో. వర్డ్ కాదు, గమనించండి, నోట్‌ప్యాడ్. అదేదో దూరదృష్టి అనుకునేరు. మా పాత కంప్యూటర్లో వర్డ్ తెరుచుకునేసరికి కాఫీ చల్లారిపోయేది, అందుకని. కానీ ఆ బద్ధకమే నన్ను కాపాడింది. ఉత్తి టెక్స్టు ఫైలు 20 ఏళ్ళ తర్వాత కూడా ఏ యంత్రంలోనైనా తెరుచుకుంటుంది.

ఆ నోట్సులో ఏముంటుంది? ఒక పద్యం, దాని మీద నా గొడవ, కింద ఒక లంకె. ఈ పాఠం ఏ ప్రతిలో ఉందో, ఆ ప్రతి ఇంటర్నెట్లో ఎక్కడ దొరుకుతుందో చెప్పే లంకె. మీలో చాలామందికి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా గుర్తుండే ఉంటుంది. డీఎల్ఐ. ప్రపంచం మొత్తం మీద పది లక్షల పుస్తకాలు స్కాన్ చేయాలని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి రాజ్ రెడ్డి గారు మొదలుపెట్టిన పనిలో మన దేశం వంతు అది. ఆయన అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టినాయన, 1994లో కంప్యూటర్ శాస్త్రంలో పెద్ద పురస్కారమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. బెంగళూరు ఐఐఎస్సీ, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ, ఇలా ఎన్నో చోట్ల స్కానింగు జరిగింది. పుస్తకం పుట తర్వాత పుట టిఫ్ బొమ్మలుగా తెరుచుకునేది. ఒక్కో పుటకీ ఎదురుచూపే. అయినా ఎంత సంబరం! చూస్తామో చూడమో అనుకున్న పుస్తకాలు ఇంట్లో కూర్చుని చూశాం.

తర్వాత ఆ చిరునామాలు పనిచేయడం మానేశాయి. పుస్తకాలు మాత్రం పోలేదు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరాయి, ఇప్పటికీ అక్కడ ఉన్నాయి. అంటే ఏమైంది? ఇల్లు మారింది. మనిషి ఉన్నాడు, మన దగ్గరున్న అడ్రసే పాతది.

ఒకరోజు మనుచరిత్ర నోట్సు తెరిచి ఒక లంకె నొక్కాను. రాలేదు. ఇంకోటి. రాలేదు. పదిహేను నొక్కాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదండీ, నిజంగా.

మర్నాటి నుంచి చేత్తో మార్చడం మొదలుపెట్టాను. ఆర్కైవ్‌లో పుస్తకం వెతకడం, కొత్త లంకె తీసుకోవడం, పాతది చెరిపి ఇది అతికించడం. అరవై మార్చాను, నాలుగు రోజుల్లో. అందులో మూడు ఒక పుస్తకానికి ఇంకో పుస్తకం లంకె పెట్టేశాను. అప్పుడు మా మేనల్లుడికి ఫోన్ చేశాను. వాడు ఈ పనుల్లోనే ఉంటాడు, పుణేలో.

"మావయ్యా, మొత్తం ఎన్ని ఉన్నాయి?" అన్నాడు.

"ఏమో, చాలా."

"చాలా అంటే లెక్క కాదు. ముందు లెక్కపెట్టు. మార్చడం తర్వాత."

ఎలా లెక్కపెట్టాలి అన్నాను. పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టం వేయించి, ఫోన్లోనే ఒక వాక్యం చెప్పాడు. నల్లటి తెర. మనం కొట్టిన ఆజ్ఞల్ని అందుకుని నడిపేదాన్ని షెల్లు అంటారు. అందులో వెతికే ఆజ్ఞ గ్రెప్ అని కొట్టి, మైనస్ ఆర్ ఇచ్చి, పక్కన డీఎల్ఐ అని కొట్టి, ఫోల్డరు పేరు ఇచ్చి ఎంటర్ నొక్కాను. కన్ను మూసి తెరిచేలోగా తెర నిండిపోయింది. నా 20 ఏళ్ళ నోట్సు! ఎప్పుడో రాసి మర్చిపోయిన వాక్యాలు కూడా పైకి వచ్చేశాయి. లెక్క తేలింది: 1,430 లంకెలు, 388 ఫైళ్ళలో. లంకెలే, వరుసలు కాదు. గ్రెప్‌కి మైనస్ సీ ఇస్తే అది వరుసలనే లెక్కపెడుతుంది. ఒక వరుసలో మూడు లంకెలున్నా ఒకటే అంటుంది. మైనస్ ఓ ఇచ్చి, దొరికిన ముక్కల్ని విడివిడిగా దించి, వాటిని లెక్కపెట్టాలి. నాకిది వారం తర్వాత తెలిసింది. మొదటి వారం నా లెక్క తక్కువ.

"నువ్వే ఒక ప్రోగ్రాం రాసి పంపించరా" అన్నాను. "రాసిస్తే ఈసారి పనైపోతుంది మావయ్యా. ఇంకో సైటు పడుకున్నప్పుడు మళ్ళీ ఫోన్ చేస్తావు. నేర్చుకో" అన్నాడు. నా మాట నాకే అప్పజెప్పాడు. చిన్నప్పుడు వాడు పద్యానికి అర్థం రాసిపెట్టమంటే నేను అన్న మాటే అది!

ఈ గ్రెప్ అనే పేరు నాకు పంటి కింద రాయిలా ఉండేది. ఏమిటీ పేరు? కనుక్కుంటే ముచ్చటేసింది. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం చేసినవాళ్ళలో ఒకడైన కెన్ థాంప్సన్ దగ్గర ఈడీ అని ఒక ఎడిటర్ ఉండేది. అందులో ఫైలంతా వెతికి, నమూనాకి సరిపోయిన వరుసలు చూపించాలంటే జీ, స్లాష్, ఆర్ఈ, స్లాష్, పీ అని కొట్టేవారు. ఆర్ఈ అంటే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, క్లుప్తంగా రెజెక్స్, వెతకాల్సిన నమూనాని గుర్తుల్లో రాసేది. స్లాషులు తీసేసి కలిపి చదవండి. గ్రెప్!

మరి ఎడిటర్లో ఉన్నదాన్ని విడిగా ఎందుకు తీశారు? ఇదే నాకు బాగా నచ్చిన కథ. బెల్ ల్యాబ్స్‌లో లీ మెక్‌మహన్ అని ఒకాయన ఫెడరలిస్ట్ వ్యాసాలు పరిశీలిస్తున్నాడు. 1787, 88ల్లో అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ వచ్చిన 85 వ్యాసాలు. రాసింది ముగ్గురు, హామిల్టన్, మాడిసన్, జే. వేసింది మాత్రం ఒకే మారుపేరుతో. కొన్ని వ్యాసాలు ఎవరివి? అదీ తగాదా. ఎవరెవరు ఏ మాట ఎలా వాడారో వెతకాలి, ఆ ఫైలేమో ఈడీలో పట్టడం లేదు. థాంప్సన్ ఆ వెతికే ముక్కని విడదీసి ఇచ్చాడు. 1973 నాటి యూనిక్స్ మాన్యువల్‌లో గ్రెప్ ఉంది. తర్వాత ఆ మెక్‌మహనే సెడ్ రాశాడు. వెతకడం గ్రెప్ వంతు, మార్చడం సెడ్ వంతు.

అంటే ఏమిటండీ? కర్తృత్వ వివాదం! ఈ కావ్యం ఎవరిది, ఈ పద్యం ప్రక్షిప్తమా, అంటే తర్వాత ఎవరో చేర్చిందా, కాదా అని మనం జీవితాలు ధారపోసిన గొడవే అది. ఇది తెలిశాక ఆ నల్లటి తెర నాకు పరాయిది అనిపించలేదు.

సూత్రమే కదా!

రెజెక్స్ అంటే భయపడతారు. గీతలు, చుక్కలు, బ్రాకెట్లు, చీమలు పాకినట్టుంటుంది. కానీ సంధులు చదువుకున్నవాడికి ఇది కొత్తా? గసడదవాదేశ సంధి గుర్తు తెచ్చుకోండి. ప్రథమ మీద ఉన్న పరుషాలకి గసడదవలు వస్తాయి. వాడు, కొట్టె, కలిస్తే వాడు గొట్టె. పరుషాలు అనే ఒక్క మాటలో క, చ, ట, త, ప అయిదూ ఉన్నాయి. రెజెక్స్‌లో దాన్నే [కచటతప] అని చదరపు బ్రాకెట్లో పెడతారు. వీటిలో ఏ ఒక్కటైనా సరే అని అర్థం. ప్రథమ మీద అన్నారు చూశారా, అంటే దాని ముందు ఏముండాలో కూడా చెప్పారు. ఏ అక్షరాలకి, ఎక్కడ ఉన్నప్పుడు, ఏం రావాలి? సూత్రం మొత్తం అంతే.

ఇంకోటి. మిత్రవదాగమః, శత్రువదాదేశః. ఆగమం మిత్రుడిలా వచ్చి పక్కన కూర్చుంటుంది. ఆదేశం శత్రువులా వచ్చి, ఉన్నవాణ్ణి లేపేసి ఆ కుర్చీలో కూర్చుంటుంది. సెడ్ చేసేది ఆదేశం. శత్రువు. ఈ సంగతి నాకు తెలిసి కూడా, చూడండి, ఏం చేశానో.

మొదటిరోజు ఉత్సాహంలో మనుచరిత్ర ఫైలు మీద సెడ్ నడిపాను. అది మార్చిన పాఠాన్ని తెర మీద చూపిస్తుంది, ఫైల్లో రాయదు. తెర మీద బాగుంది. దాన్ని ఫైల్లో పెట్టాలంటే గ్రేటర్‌దేన్ గుర్తు పెట్టి ఫైలు పేరు ఇవ్వాలని చదివాను. అదే ఫైలు పేరు ఇచ్చాను. ఎంటర్ కొట్టాను. ఎర్రర్ లేదు, ఏమీ లేదు. ఫైలు తెరిచాను. ఖాళీ! సున్నా బైట్లు. 11 ఏళ్ళ మనుచరిత్ర నోట్సు, సున్నా.

ఎందుకలా అయింది? ఎవరైనా చెప్పగలరా? అదిగో, ఆ అమ్మాయి చెయ్యెత్తింది. సరిగ్గా చెప్పావమ్మా. ఆ గుర్తు చూసేది సెడ్ కాదు, షెల్లు. షెల్లు ముందుగా ఆ ఫైలుని రాయడానికి తెరుస్తుంది, తెరుస్తూనే ఉన్నదంతా తుడిచేస్తుంది. ఆ తర్వాతే సెడ్‌ని పిలుస్తుంది. సెడ్ పాపం వచ్చి చదవబోతే అక్కడ ఏముంది? వంట చేయబోతూ ముందే గిన్నె కడిగి బోర్లించినట్టు. బియ్యం అందులోనే ఉన్నాయి మరి.

మూడు వారాల కిందటి కాపీ పెన్‌డ్రైవ్‌లో దొరికింది కాబట్టి బతికాను. ఆ మూడు వారాల్లో రాసిందేమిటో ఇప్పటికీ పూర్తిగా గుర్తురాలేదు. అప్పటినుంచి ఒక అలవాటు. మొత్తం ఫోల్డరు కాపీ తీయకుండా సెడ్ జోలికి వెళ్ళను. మార్చాక డిఫ్ నడిపి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూడకుండా కాపీ చెరపను. సెడ్‌లో మైనస్ ఐ అని ఉంది, ఫైల్లోనే మార్చేస్తుంది. దాని పక్కన చుక్క పెట్టి ఒక తోక ఇస్తే పాత ఫైలుని ఆ తోకతో దాచిపెడుతుంది. మ్యాక్ వాళ్ళు జాగ్రత్త, అక్కడ మైనస్ ఐ తర్వాత ఏదో ఒకటి ఇచ్చి తీరాలి, కనీసం ఖాళీ కోట్లయినా.

ఇక అసలు లంకె. కొత్త పద్ధతి డీఎల్ఐ లంకెలు ఎలా ఉండేవంటే, సైటు పేరు, స్లాష్, హ్యాండిల్, స్లాష్, 2015, స్లాష్, ఒక అంకె. ఆర్కైవ్‌లో అదే పుస్తకం పేరు: ఇన్ చుక్క ఎర్నెట్ చుక్క డీఎల్ఐ చుక్క 2015 చుక్క, అదే అంకె. అంకె మారలేదు! ఇది కనిపెట్టిన రోజు మా ఆవిడని పిలిచి మరీ చూపించాను. "అయితే ఏంటి?" అంది. అయితే ఏంటంటే, అంకెని పట్టుకుని ముందుదంతా మార్చేస్తే చాలు. పుస్తకం వెతకక్కర్లేదు.

అంకెని పట్టుకోవడం ఇలా: ([0-9]+). సున్నా నుంచి తొమ్మిది దాకా ఏ అంకైనా, ఒకటి గానీ ఎక్కువ గానీ. చుట్టూ ఉన్న గుండ్రటి బ్రాకెట్లు దీన్ని గుర్తుపెట్టుకో అని చెప్పడానికి. కొత్త పాఠంలో \1 అని రాస్తే అక్కడ ఆ అంకె వచ్చి కూర్చుంటుంది. ఇలా రాయాలంటే సెడ్‌కి మైనస్ పెద్ద ఈ ఇవ్వాలి, లేదంటే ప్రతి గుండ్రటి బ్రాకెట్టుకీ, ప్లస్సుకీ ముందు బ్యాక్‌స్లాషు (\) పెట్టుకోవాలి. హెచ్‌టీటీపీ పక్కన ఎస్ కొన్నింట ఉంది, కొన్నింట లేదు. ఎస్ పక్కన ప్రశ్నార్థకం పెడితే ఉన్నా సరే లేకపోయినా సరే అని. చుక్క అంటే రెజెక్స్‌లో ఏ అక్షరమైనా అని అర్థం, కాబట్టి నిజం చుక్క కావాలంటే \. అని రాయాలి. లంకెల నిండా స్లాషులే, సెడ్‌లో పాత పాఠాన్నీ కొత్త పాఠాన్నీ విడదీసే గీతలూ స్లాషులే. కొట్టుకు చస్తాం. దానికి బదులు # వాడండి, సెడ్‌కి అభ్యంతరం లేదు.

నక్షత్రం గురించి ఒక మాట. షెల్లులో ఫైలు పేర్ల దగ్గర నక్షత్రం అంటే ఏదైనా సరే అని. రెజెక్స్‌లో అలా కాదు. ముందున్న అక్షరం ఎన్నిసార్లయినా, అసలు లేకపోయినా సరే అని. ఒకే గుర్తు, ఇంటికో అర్థం. నన్ను నెల తిప్పింది ఇది.

ఆకలి ఎక్కువ

అంకెలకి లొంగాయి కదా అని ధైర్యం వచ్చి, ఇంకో పని పెట్టుకున్నాను. వేరే లంకెలకి వెనక పొడుగు తోకలుంటాయి, ప్రశ్నార్థకంతో మొదలై. ఎక్కడినుంచి వచ్చారు, ఏం నొక్కారు అని వాళ్ళ లెక్కలు. అవి కోసేద్దామనుకున్నాను. ప్రశ్నార్థకం నుంచి, చుక్క నక్షత్రం. అంటే అక్కడినుంచి ఏదున్నా. ఖాళీతో మార్చు. సెడ్ చక్కగా చేసింది. డిఫ్ చూస్తే గుండె ఆగింది. లంకె తోకతో పాటు దాని పక్కన నేను రాసుకున్న "43వ పుటలో పాఠభేదం, వావిళ్ళ ప్రతితో పోల్చాలి" అన్నది కూడా పోయింది. చుక్క నక్షత్రం ఆగదండీ. వరుస చివరిదాకా మింగుతుంది. అంతేనా? లంకే లేని వరుసల్లో "ఈ పద్యం ప్రక్షిప్తమా? తంజావూరు ప్రతిలో లేదు" అని ఉంటే, ప్రక్షిప్తమా దగ్గర ఆపేసింది. నేను వేసిన ప్రతి ప్రశ్నకీ పక్కనున్న జవాబు మాయం! ప్రశ్న గుర్తు కూడా మిగల్లేదు.

తప్పు దానిదా? నేను లంకెలో అని చెప్పలేదు, తోక ఎక్కడ ఆగాలో చెప్పలేదు. ఈసారి కాపీ ఉంది కాబట్టి కాఫీ తాగి మళ్ళీ రాశాను. ముందు హెచ్‌టీటీపీతో మొదలవ్వాలి, తోక ఖాళీ తగిలేదాకే. దానికి [^ ]* అని రాస్తారు. బ్రాకెట్లో ఆ టోపీ గుర్తు ఉంటే ఇవి కానివి అని. ఖాళీ కానివి ఎన్నైనా. అప్పుడు కూడా బ్రాకెట్టు మూసిన గుర్తులు, వాక్యం చివరి చుక్కలు లంకెకి అంటుకుని వచ్చాయి. అవి మళ్ళీ చూసుకోవలసి వచ్చింది.

ఇలాంటిదే & గుర్తు. కొత్త లంకెలో అది ఉంటే సెడ్ దాన్ని గుర్తుగా చూడదు. నువ్వు పట్టుకున్న పాత పాఠం మొత్తం ఇక్కడ పెట్టమంటున్నావు అనుకుంటుంది. కొత్త లంకె కడుపులో పాత లంకె! దాని ముందు బ్యాక్‌స్లాషు (\) పెట్టాలి.

ఫైలు పేర్లు. నా ఫైలు పేరు "మను చరిత్ర నోట్సు", మధ్యలో ఖాళీలతో. షెల్లు ఏమంటుంది? మను అనే ఫైలు లేదు, చరిత్ర అనే ఫైలు లేదు, నోట్సు అనే ఫైలు లేదు. పదవిభాగం దానికి బాగా వచ్చు, సమాసమే రాదు. పేరు చుట్టూ కోట్లు పెడితే సమాసం చేసుకుంటుంది. నోట్‌ప్యాడ్‌లో రాసిన ఫైళ్ళకి వరుస చివర కనపడని ఒక గుర్తు అదనంగా ఉంటుంది. వరుస చివర అనే $ గుర్తు పెట్టి వెతికితే దొరకదు. అది ముందు తీసేయాలి.

తెలుగు వాళ్ళం కాబట్టి మనకు ఇంకో తంటా. స్త్రీ అన్నది ఎన్ని అక్షరాలు? ఒకటి, గురువు. రెజెక్స్ చుక్కని అడగండి, ఆరంటుంది. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. చుక్కలతో గణవిభజన చేయిద్దామని ఒక పూట ఆశపడ్డాను, మానేశాను. ఇంకోటి, సాఫ్ట్‌వేర్ అనే మాట. ట పొల్లు కింద వ ఒత్తు పడకుండా మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు పెడతారు. నా మేనల్లుడు పెట్టి రాస్తాడు, నేను పెట్టను. నేను కొట్టి వెతికితే వాడు రాసింది దొరకదు. చూస్తే రెండూ ఇంచుమించు ఒకటే, గ్రెప్‌కి వేరువేరు.

తెలుగు వికీపీడియా, వికీసోర్స్ లంకెలు కాపీ చేస్తే ఎలా అతుక్కుంటాయో చూశారుగా? పర్సెంట్ల పుట్ట. తెలుగు అనే మాటలో ఆరు కోడ్లున్నాయి, ఒక్కోటి మూడు బైట్లు, ఒక్కో బైటుకీ పర్సెంటుతో కలిపి మూడు గుర్తులు. మూడక్షరాల మాట 54 గుర్తులు! కానీ దాన్లో ఒక సౌకర్యం ఉంది. మన ప్రతి కోడూ పర్సెంట్ ఈ సున్నాతో మొదలై, తర్వాత పర్సెంట్ బీ సున్నా గానీ బీ ఒకటి గానీ ఉంటుంది. దాన్ని బట్టి తెలుగు పేజీల లంకెలన్నీ ఒక్క గ్రెప్‌తో ఏరుకున్నాను.

ఇక రెజెక్స్ చేయలేనిది. 1,430లో 214 పాతకాలపు లంకెలు, హ్యాండిల్ అంకె లేదు, పొడుగు బార్‌కోడు ఉంది. బార్‌కోడు నుంచి ఆర్కైవ్ అంకె పుట్టించే సూత్రం లేదు. ఏ సూత్రమూ లేదు. ఆర్కైవ్‌లో చాలా పుస్తకాల వివరాల్లో పాత బార్‌కోడు రాసి ఉంటుంది, అది కొట్టి వెతకాలి. పేరుతో వెతుకుదామంటే శీర్షికలు ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచిన స్పెల్లింగుతో వాళ్ళు ఎక్కించారు. కాబట్టి కూర్చుని వెతికాను. రోజుకి పది. ఒక ఫైల్లో రెండు గళ్ళు, ఎడమ బార్‌కోడు, కుడి కొత్త అంకె. చివర ఒక చిన్న స్క్రిప్టు ఆ గళ్ళు వరుసగా చదివి, ఒక్కో జతకి ఒక సెడ్ నడిపింది. వెతుకులాట మూడు వారాలు, స్క్రిప్టు నాలుగు సెకన్లు.

అన్నీ మార్చాక నిజంగా తెరుచుకుంటున్నాయా? కర్ల్ అనే దానితో ఒక్కో లంకెనీ తట్టి చూశాను, తట్టుకీ తట్టుకీ మధ్య రెండు సెకన్లు ఆగి. మన లంకెల కోసం వాళ్ళ సర్వర్ని సతాయించకూడదు. 200 వస్తే ఉంది, 404 అంటే లేదు. కొన్ని సైట్లు మాత్రం 200 అని చెప్పి, లోపల "పేజీ దొరకలేదు" అని రాసి పెడతాయి. ఇంట్లోనే ఉండి లేనని చెప్పించేవాళ్ళు తెలుసు, లేకుండా ఉన్నానని చెప్పేవాళ్ళు వీళ్ళు.

ఏమిటమ్మా? పైథాన్‌తో చేయొచ్చు కదా అంటున్నావా? నిక్షేపంలా చేయొచ్చు. నాకు రాదు. నువ్వు నేర్పితే వచ్చే నెల నేర్చుకుంటాను.

ఇప్పటికి పదకొండు మిగిలాయి. ఆ బార్‌కోడ్లు ఎక్కడా తగల్లేదు. పుస్తకాల పేర్లు కాగితం మీద రాసి తెచ్చాను, అటు తలుపు పక్కన బల్ల మీద పెట్టాను. వెళ్ళేటప్పుడు ఒకసారి చూడండి, ఎవరి ఇంట్లోనైనా అచ్చు ప్రతి ఉంటే నాకు చెప్పండి. ల్యాప్‌టాప్ కూడా తెచ్చాను. మీ ఫైళ్ళు తెచ్చినవాళ్ళు రండి, టీ అయ్యాక కూర్చుందాం. కాపీ తీసుకుని రండి, అసలుది ఇంట్లో పెట్టి.